‘తరలించడం జరిగింది’ అంటే ఎవరు తరలించినట్టు?

మిర్చియార్డు
పార్టీల గొడవ వద్దని ఏ సంవత్సరమో, ఏ ప్రభుత్వమో రాయడం లేదు. మీరు ఊహించినా ఇక్కడ రాయకండి, ఈ చర్చ మూతపడుతుంది.

మా అక్క కొడుకు ఔట్‌సోర్సింగ్ కార్మికుడు. మూడు నెలల జీతం బకాయి. విజయవాడ ధర్నా చౌక్‌లో ఒక పూట కూర్చుందామని గుంటూరులో పద్దెనిమిది మంది ఆర్టీసీ బస్సు ఎక్కారు. కాజ టోల్‌గేట్ దగ్గర బస్సు ఆపి, గుర్తింపు కార్డులు చూసి, వీళ్లను మాత్రం దింపారు. అక్కడి నుంచి వ్యానులో ఒక కళ్యాణ మండపానికి తీసుకెళ్లారు. ఫోన్లన్నీ ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించారు. ముందురోజు రాత్రి అక్కడ పెళ్లి జరిగిందట, వేదిక మీద వధూవరుల పేర్ల థర్మోకోల్ అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. రోజంతా వాటినే చూస్తూ కూర్చున్నామని చెప్పాడు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ఇచ్చారు. సాయంత్రం ఆరున్నరకు బుట్ట తెచ్చి ఎవరి ఫోను వారిని తీసుకుని వెళ్లిపొమ్మన్నారు. కాగితం లేదు, సంతకం లేదు.

ఏడు గంటలకు టీవీలో ప్రభుత్వ ప్రతినిధి మాట్లాడారు. కార్మికులను అరెస్టు చేశారా అని విలేకరి అడిగాడు. ‘ఎవరినీ అరెస్టు చేయలేదు. రద్దీని దృష్టిలో ఉంచుకుని వారిని సురక్షిత ప్రాంతానికి తరలించడం జరిగింది’ అన్నారాయన. మా అక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, ‘ఎవరు తరలించారట?’ అని నన్ను అడిగింది. నాకు జవాబు తెలియలేదు. అదే ప్రశ్న ఇక్కడ అడుగుతున్నాను. ఆ మాటకు విలువ ఉందా? ఉంటే దాన్ని ఎక్కడ పట్టుకోవాలి?

గోలీసోడా
పెళ్లి మండపానికి పిలిచి పులిహోరతో సరిపెట్టారా? విందు మర్యాద బొత్తిగా తప్పారు.

అరండల్‌పేట_అత్తయ్య
మూడు నెలల జీతం రానివాడికి ఒక పూట పని పోయింది నాయనా. నీ హాస్యం తర్వాత.

గోలీసోడా
క్షమించండి అత్తయ్యగారూ. హాస్యం చేయడం జరిగింది.

విశ్రాంత_గుమాస్తా
ప్రకటనలు రాస్తూ ముప్పై ఏళ్లు గడిపిన చేతులివి. ఏ కార్యాలయమని అడగకండి, పింఛను మీద బతుకుతున్నాను. ఈ ‘జరిగింది’ ఎలా పుడుతుందో మాత్రం చెబుతాను.

పొద్దున ఎక్కడో గొడవ అవుతుంది. పదకొండింటికి మాకు ఫోను వస్తుంది, సాయంత్రం మీడియా సమావేశం ఉంది, నోట్ పంపండి అని. మేము జిల్లాకు ఫోను చేస్తాం, జిల్లావారు డివిజనుకు చేస్తారు. అక్కడున్న అధికారి తన మెడకు చుట్టుకోని సంగతులేవో అవే చెబుతాడు. ఆ మాట మళ్లీ మెట్లెక్కి పైకి వచ్చేటప్పుడు ఒక్కో మెట్టు మీద ఒక్కో ముల్లు విరుగుతుంది. ‘బస్సులోంచి దింపారు’ అన్నది ‘తరలించారు’ అవుతుంది. ‘మండపంలో కూర్చోబెట్టారు’ అన్నది ‘సురక్షిత ప్రాంతం’ అవుతుంది. నా బల్ల మీదకు వచ్చేసరికి మిగిలేది ఒకే పని, వాక్యంలోంచి కర్తను తీసేయడం. ‘తరలించాం’ అని రాస్తే ఆదేశం ఎవరిదని అడుగుతారు. ‘పోలీసులు తరలించారు’ అని రాస్తే వారికి కోపం వస్తుంది. ‘తరలించడం జరిగింది’ అని రాస్తే ఎవరికీ కోపం రాదు. వాన కురిసింది, తెల్లవారింది, తరలించడం జరిగింది. మా పై అధికారి ఒకాయన ఎర్ర సిరాతో ‘చేశాం’లో చివరి అక్షరం కొట్టేసి, పైన ‘చేయడం జరిగింది’ అని స్వహస్తాలతో రాసేవారు. దస్తూరి ముత్యాల్లా ఉండేది.

సమావేశంలో మాట్లాడే మనిషికి ఆ మండపం ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయన చేతికి వెళ్లిన కాగితంలో నిజం అప్పటికే అడుగంటింది.

కొత్తపేట_కంపోజిటర్
గుమాస్తా గారూ, చివరి మాటతో నేను ఏకీభవించను. తెలియకపోతే ‘తెలుసుకుని చెబుతాను’ అనాలి. చేతిలో ఏ కాగితం పెడితే అది చదివేందుకు ప్రతినిధి ఎందుకు, లౌడ్‌స్పీకరు చాలదా?

విశ్రాంత_గుమాస్తా
‘తెలుసుకుని చెబుతాను’ అన్నవారిని ఇద్దరిని చూశాను. మూడో సమావేశానికి వేరేవారు వచ్చారు.

బెంజిసర్కిల్_బాటసారి
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాటకు ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకే, 2023 జనవరి 1న, మన గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు పోయారు. ఆ రాత్రి నేను ఆసుపత్రి బయట ఉన్నాను. జనాన్ని ముందే ఆపి ఉంటే బాగుండేదని ఆ రోజు అందరూ అన్నారు. ఆపితే హక్కులు, ఆపకపోతే నిర్లక్ష్యం. ప్రతినిధి ఏ మాట చెప్పినా మీరు తప్పే పడతారు.

బ్రాడీపేట4/14
బాటసారి గారూ, ఆ మర్నాడే, జనవరి 2న, రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో నెం. 1 వచ్చింది. అదే సంవత్సరం మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. జనం ప్రాణాలు కాపాడాలన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనలేదు. ఆ పేరుతో సభ పెట్టుకునే హక్కునే మింగేయకూడదన్నదే వాదన. రద్దీకి, పద్దెనిమిది మందికి పోలికేమిటి? ఆ బస్సులో నిలబడ్డవారే అంతకన్నా ఎక్కువ ఉంటారు.

ఇక మిర్చియార్డు గారి ప్రశ్న. నేను న్యాయవాదిని, కాబట్టి కాస్త పొడవు అవుతుంది.

ఆ ప్రతినిధి ఖండించాననుకున్నాడు గానీ, నిజానికి ఒప్పుకున్నాడు. ‘తరలించడం జరిగింది’ అన్నాడంటే కదలిక జరిగినట్టే. వాళ్లు సొంతంగా మండపానికి వెళ్లలేదు. తరలింపు ఉంటే తరలించినవారు ఉంటారు, వారికి అధికారమిచ్చిన సెక్షను ఉండాలి. నేరం చేయబోతున్నారన్న ముందస్తు అనుమానమైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 170, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 151. పోలీసుల మాట వినలేదన్న కారణమైతే సెక్షన్ 172. రెండింటిలోనూ గడియారం ఇరవై నాలుగు గంటలు దాటకూడదు. అరెస్టయితే కారణం చెప్పాలి, ఇంటివారికి తెలియజేయాలి, సమయం వేసి మెమో రాయాలి. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది ఇది. సెక్షను లేకుండా మనిషిని మండపంలో కూర్చోబెట్టి ఫోను లాక్కుంటే దానికి ‘సురక్షిత ప్రాంతం’ అని పేరు పెట్టినంత మాత్రాన ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణనిచ్చే రాజ్యాంగం 21, 22 అధికరణాలు మండపం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బయట నిలబడవు.

గోలీసోడా
చెప్పుల ముక్క బాగుంది వకీలుగారూ. కోర్టులో వాడారా?

బ్రాడీపేట4/14
వాడాను. జడ్జిగారు నవ్వలేదు.

పాతపేపరు
ఇరవై ఏళ్లు విలేకరిగా చేశాను. ఆ సమావేశంలో మొదటి తప్పు అడిగినవాడిది. ‘అరెస్టు చేశారా?’ అని అడిగితే లేదు అన్న ఒక్క మాటతో తలుపు మూసుకుంటుంది. ఎందరిని, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ అధికారి ఆదేశం మీద, ఎప్పుడు వదిలారు అని అడగాలి. వీటికి విశేషణాలతో జవాబు చెప్పడం కుదరదు, అంకె కావాలి. కానీ సమావేశాల తీరు మీకు తెలియదు. నాలుగో ప్రశ్న దగ్గర పక్కనున్న సిబ్బంది ‘టీ చల్లారిపోతోంది సార్’ అంటారు. టీ ఎప్పుడూ సరిగ్గా నాలుగో ప్రశ్న దగ్గరే చల్లారుతుంది.

అరండల్‌పేట_అత్తయ్య
మా ఇంట్లో కూడా అంతే. కరెంటు బిల్లు ఎందుకు ఎక్కువ వచ్చిందని అడిగితే మా వారికి టీ గుర్తొస్తుంది.

కొత్తపేట_కంపోజిటర్
నాకొక సందేహం. టీవీలో కనిపించేవారిలో ప్రభుత్వ ప్రతినిధి ఎవరు, పార్టీ అధికార ప్రతినిధి ఎవరు? కింద పట్టీ మీద ఇద్దరికీ ‘అధికార ప్రతినిధి’ అనే వేస్తున్నారు. వెలగపూడిలో మంత్రివర్గ సమావేశం అయ్యాక సమాచార పౌర సంబంధాల మంత్రి నిర్ణయాలు చదివితే అది ప్రభుత్వ మాట. రాత్రి తొమ్మిదింటికి స్టూడియోలో పళ్లు కొరుకుతున్నాయన పార్టీ మనిషి. ఆయన మాటకు మనం ఎందుకు లెక్క అడుగుతాం?

పాతపేపరు
ఆ తేడా చెరిగిపోవడం ఇద్దరికీ అనుకూలం. తప్పయితే ‘అది వ్యక్తిగత అభిప్రాయం’, ఒప్పయితే ‘ప్రభుత్వ విధానం’.

బ్రాడీపేట4/14
సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇదే. కౌశల్ కిశోర్ కేసు, 2023 జనవరి 3, అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం. ఉత్తరప్రదేశ్‌లో ఒక అత్యాచార కేసు గురించి అప్పటి మంత్రి చేసిన వ్యాఖ్యతో మొదలైంది. మంత్రివర్గమంతా కలిసి జవాబుదారీ అనే సమష్టి బాధ్యత సూత్రాన్ని పట్టుకుని కూడా, మంత్రి మాటను ప్రభుత్వానికి అంటగట్టలేమని నలుగురు అన్నారు. జస్టిస్ బి.వి.నాగరత్న విడిగా రాశారు. ఆ మాట ప్రభుత్వ అభిప్రాయాన్ని కూడా తెలిపేదైతే ప్రభుత్వానికి ఆపాదించవచ్చని, విడి వ్యాఖ్య అయితే ఆ మంత్రి సొంతమని ఆమె అన్నారు.

బెంజిసర్కిల్_బాటసారి
చూశారా! మెజారిటీ నా వైపే. మాట మాటే, ప్రభుత్వం ప్రభుత్వమే.

బ్రాడీపేట4/14
తొందరపడకండి. అక్కడ మంత్రి తన నోటి దురుసుతో అన్న మాట. ఇక్కడ ఒక సంఘటన జరిగిందని ప్రభుత్వం తరఫున కూర్చుని చెప్పిన మాట. మొదటిది అభిప్రాయం, రెండోది సమాచారం. సమాచారం అయితే దానికి వెనక ఫైలు ఉండాలి, ఫైలు ఉంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 చట్టం సెక్షన్ 4 చదవండి. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధించిన వాస్తవాలన్నీ బయటపెట్టాలి, నిర్ణయం తగిలినవారికి కారణాలు చెప్పాలి. ఎవరూ అడగకుండానే చేయవలసిన పని ఇది. దాన్ని మనం 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడుక్కుంటున్నాం.

బుడమేరు_గట్టు
హక్కుల సంగతి వకీలుగారు చూస్తారు గానీ, ప్రతినిధి మాట ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఎలా ఉంటుందో నేను చెబుతాను. 2024 సెప్టెంబరు మొదటి తేదీన విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి బుడమేరు వాగు వచ్చింది. కింది వాటాలో బీరువా తేలింది. మేము రెండో అంతస్తులో మూడు కుటుంబాలం, ఒక బిందె తాగే నీళ్లు, చంటిపిల్ల ఒకటి. ఫోనులో పద్నాలుగు శాతం చార్జింగ్. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలన్నది ఆ రాత్రి మా ప్రశ్న. ‘ఆందోళన చెందవద్దు’ అన్న సందేశాలు ఎన్ని వచ్చాయో. ఆందోళన చెందడానికి కూడా చార్జింగ్ లేదు.

మాకు కావలసినవి రెండే: వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నీరు ఎక్కుతోందా తగ్గుతోందా, పడవ ఏ వీధి చివరికి వస్తుంది. అంతే. ఓదార్పు వద్దు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అన్న అంకె చదివినప్పుడు మా నాన్నగారు ‘ఇది 2009 వరద కంటే ఎక్కువ, ఈ రాత్రి కిందికి దిగే ఆలోచన మానుకోండి’ అన్నారు. భయపెట్టిన ఆ అంకెతోనే మేము నిర్ణయం తీసుకున్నాం.

బెంజిసర్కిల్_బాటసారి
ఆ వరదలో ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేసి రోజూ మాట్లాడారు. డ్రోన్లతో ఆహారం వేయించారు. అది చెప్పరేమి?

బుడమేరు_గట్టు
చెబుతాను. డ్రోను మా మేడ మీదకు కూడా వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్క సందులోకి రాలేదు. రెండూ నిజమే. ‘అందరికీ అందింది’ అంటే పక్క సందువారికి కోపం, ‘ఎవరికీ అందలేదు’ అంటే నాకు కోపం. ‘ఫలానా వీధుల్లో అందింది, ఫలానా వీధులు మిగిలాయి’ అని చెప్పేవారు కావాలి.

పున్నమిఘాట్_పావురం
కరోనా రోజుల్లో ఆరోగ్య శాఖ తరఫున లవ్ అగర్వాల్ రోజూ సాయంత్రం లెక్కలు చదివేవారు, గుర్తుందా? మన ఆంధ్రప్రదేశ్ క్యాడరు ఐఏఎస్. ఆ ముఖంలో కోపమూ లేదు, నవ్వూ లేదు. లెక్కల మీద వాదాలు ఎన్నయినా ఉండవచ్చు, కానీ రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చోవడం కూడా ఒక జవాబే. మా మామగారు ఆ సమయానికి కళ్లద్దాలు తుడుచుకుని కూర్చునేవారు.

గోలీసోడా
ప్రతినిధుల నిఘంటువు తయారు చేశాను. సవరణలు పంపండి.
పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది: పరిస్థితి ఉంది.
చట్టం తన పని తాను చేసుకుపోతుంది: మేము ఏమీ చేయబోవడం లేదు.
దోషులు ఎంతటివారైనా వదిలిపెట్టం: దోషులు చాలా పెద్దవారు.
యుద్ధప్రాతిపదికన: టెండరు పిలవాలి.

విశ్రాంత_గుమాస్తా
ఒకటి మరిచిపోయారు. ‘విచారణకు ఆదేశించడం జరిగింది’: మా కాలంలో దీనికి అచ్చు వేసిన ఫారమే ఉండేది, ఊరి పేరు నింపితే చాలు.

తెనాలి_రోడ్డు
నవ్వుకోండి, నేను కాదనను. మాది చుండూరు పక్కన. 1991 ఆగస్టు 6న మా దళితులను ఎనిమిది మందిని చంపారు. మా అమ్మ నన్ను చంకనేసుకుని తెనాలి చేరింది. చిన్నప్పుడు నాకు ప్రభుత్వం అంటే తెల్ల కారు దిగి, మైకు ముందు నిలబడి, మళ్లీ తెల్ల కారు ఎక్కే మనిషి. ప్రతి ఒక్కరూ ‘న్యాయం జరుగుతుంది’ అన్నారు. మళ్లీ చూడండి, అక్కడా జరుగుతుందే. చేస్తాం అని ఎవరూ అనలేదు.

హక్కుల న్యాయవాది బొజ్జా తారకంగారి వంటివారు పట్టుబట్టి నిలబడితే ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న తీర్పు వచ్చింది, ఇరవై ఒక్క మందికి జీవిత ఖైదు, ముప్పై అయిదుగురికి ఏడాది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ రోజు ఇంటికి వచ్చి మా ముందు కూర్చుని ఇది ఎందుకిలా అయిందో చెప్పిన ప్రతినిధి ఒక్కడూ లేడు. మైకు అవసరం లేదు, నాలుగు మాటలు చాలు. మిర్చియార్డు గారూ, మీ అక్కగారు అన్నం కలుపుతూ అడిగిన ప్రశ్న మా అమ్మ ముప్పై ఏళ్లుగా అడుగుతోంది. రాయండి. కాగితం మీద పెట్టండి.

అరండల్‌పేట_అత్తయ్య
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

బెంజిసర్కిల్_బాటసారి
తెనాలి_రోడ్డు గారి దానికి నా దగ్గర జవాబు లేదు. పైన రద్దీ గురించి అన్నమాట వెనక్కి తీసుకోను, కానీ ఈ పద్దెనిమిది మందికి అది వర్తించదని ఒప్పుకుంటాను.

బ్రాడీపేట4/14
మిర్చియార్డు గారూ, రెండు పనులు చేయండి. ఒకటి, సమాచార హక్కు దరఖాస్తు. ‘ఎందుకు’ అని రాయకండి, ‘మా దగ్గర రికార్డు కాదు’ అంటారు. ఆ తేదీన కాజ దగ్గర బస్సు ఆపమన్న ఆదేశం నకలు, స్టేషను జనరల్ డైరీలో ఆ రోజు నమోదు నకలు, మండపానికి ఇచ్చిన అద్దె రసీదు అడగండి. రెండోది, వాళ్లను మధ్యలో స్టేషను దగ్గర దింపారా అని అబ్బాయిని అడగండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డు ఏడాదికి తగ్గకుండా దాచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020లో ఆదేశం ఉంది. మానవ హక్కుల కమిషనుకు వెళ్లాలన్నా సంఘటన నుంచి ఏడాది లోపే.

గోలీసోడా
అద్దె రసీదు! అది మాత్రం అమోఘం. పులిహోర బిల్లు కూడా అడగండి.

మిర్చియార్డు
స్టేషను దగ్గర పది నిమిషాలు ఆపారట, పేర్లు రాసుకోవడానికి. ఇవాళే దరఖాస్తు పంపాను. గోలీసోడా గారి మాట మీద పులిహోర బిల్లు కూడా రాశాను, అక్క వద్దన్నా.

మిర్చియార్డు
ముప్పై మూడు రోజులు అయింది. జవాబు ఇవాళ వచ్చింది. ఒకే పేజీ. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘మీరు పేర్కొన్న తేదీన సదరు వ్యక్తులను ఎక్కడికీ తరలించినట్లు ఈ కార్యాలయ రికార్డులలో నమోదు కాలేదు.’ కింద సంతకం, ముద్ర. రసీదు గురించి, బిల్లు గురించి మాట లేదు.

విశ్రాంత_గుమాస్తా
ఆహా. సాయంత్రం నోట్ రాసినవాడికీ, దరఖాస్తుకు జవాబు రాసినవాడికీ మధ్య ఫోను లేదన్నమాట. మా రోజుల్లో ఇటువంటి పొరపాటు జరిగేది కాదు.

కొత్తపేట_కంపోజిటర్
అంటే ప్రభుత్వమే తరలించడం జరిగింది అంటుంది, ప్రభుత్వమే తరలించలేదు అంటుంది.

బ్రాడీపేట4/14
ఇంతకంటే మంచి జవాబు మనం కోరుకోలేం. ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేయండి, సెక్షన్ 19(1). ఈ పేజీ నకలు ఒకటి, ఆ సాయంత్రపు ప్రతినిధి మాట అక్షరాలా రాసి ఒకటి జత చేయండి. రెండింట్లో ఏది నిజమో చెప్పమనండి. వీడియో మాత్రం తప్పక ఉండాలి. అది లేకపోతే మీ మాటే మిగులుతుంది.

మిర్చియార్డు
అక్కడే ఇబ్బంది. ఆ చానల్ పేజీలో వెతికాను, ఆ రోజు సమావేశం తీసేశారు. ముందురోజుది ఉంది, తర్వాతిరోజుది ఉంది. ఎవరి దగ్గరైనా ఉందా?

పాతపేపరు
పాత మిత్రులను అడుగుతాను. ఆశ పెట్టుకోకండి, వాళ్లు మెమరీ కార్డులు చెరిపేసి మళ్లీ వాడతారు.

పున్నమిఘాట్_పావురం
మా మామగారికి ఒక అలవాటు ఉంది. కరోనా రోజుల నుంచి సాయంత్రం సమావేశాలన్నీ టీవీ ముందు ఫోను పట్టుకుని రికార్డు చేస్తారు. ఎందుకని అడిగితే ‘ఉండనీ’ అంటారు. ఇప్పుడే చూశాను. మధ్యలో మా అత్తగారు కూర తరుగుతున్న చప్పుడు వస్తుంది గానీ మాట స్పష్టంగా ఉంది. నాలుగో నిమిషం పన్నెండో సెకను దగ్గర. ఎక్కడికి పంపమంటారు?